సంపాదించిన విధము

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి చిట్టికి,

ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసిన రోజు మా వీధిలో నాలుగిళ్లకి మైసూర్‌పాకు పంచాను. ఏ మ్యూజియమో విన్నాక మాత్రం కాసేపు నోట మాట రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లు నేను సంతకం పెట్టిన హాజరు పట్టీలో ఇకమీదట నీ సంతకం ఉంటుందన్నమాట. స్టోర్‌రూము తాళం కుడివైపుకి కాదు, ఎడమవైపుకి తిప్పాలి. ఆ సంగతి ఎవరూ చెప్పరు. అందుకే ముందే చెప్పేస్తున్నా.

"ఏమైనా సలహా ఇవ్వు పెద్దమ్మా" అన్నావు. నవ్వేసి ఫోన్ పెట్టేశాను. చెప్పాల్సింది లేక కాదు. నీకు నచ్చని మాటలు కొన్ని ఉన్నాయి. ఫోన్లో అయితే మధ్యలో అడ్డం పడతావు. ఉత్తరానికి అడ్డం పడలేవు కదా.

లండన్‌లో చదువుకునేటప్పుడు బ్రిటిష్ మ్యూజియం 33ఎ గదిలో, అమరావతి శిల్పాల ముందు నిలబడి ఫొటో పంపావు గుర్తుందా? కింద ఒక్కటే మాట రాశావు, "దొంగసొత్తు" అని. మొన్న కూడా అదే మాట. మనవి మనకు వచ్చేదాకా ఊరుకోకూడదన్నావు. అమరావతికి ఇరవై మైళ్ల దూరంలో పుట్టి పెరిగినదాన్ని, నాకు మాత్రం ఆ కోపం లేదా? ఉంది. కానీ ఆ రాళ్ల కథ ఆ ఒక్క మాటలో ఇమడదు.

1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలేసి అమరావతిలో కొత్త ఊరు కట్టించుకున్నాడు. కట్టడాలకి రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె, అంటే పాత బౌద్ధ స్తూపం దిబ్బ. తవ్వితే తెల్లటి పలకలు, వాటి నిండా బొమ్మలు. అవేమిటో వాళ్లకి తెలియదు. బౌద్ధం మన ఊళ్ల జ్ఞాపకంలోంచి అప్పటికి ఎన్నడో చెరిగిపోయింది. దొరికిన రాయి దొరికినట్టు కట్టుబడికి వెళ్లిపోయింది. 1798లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసి వెళ్లాడు. 1816లో బొమ్మలు గీసేవాళ్లని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేసరికి స్తూపం నడిబొడ్డున చెరువు తవ్వి ఉంది. వాళ్లు గీసిన బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కొన్ని పలకలకి మిగిలిన ఆనవాలు ఆ బొమ్మలే.

(మెకంజీ అంటే గుర్తొచ్చింది. ఆయన కైఫియత్తులు అంటాం కదా, ఊళ్ల చరిత్రలు, ఊరూరా తిరిగి వాటిని పోగుచేయించింది మన ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, వాళ్ల కింద పనిచేసిన మనుషులు. పేరు మాత్రం దొరది. ఈ పేర్ల సంగతికి మళ్లీ వస్తాను.)

1845లో మద్రాసు సర్కారు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు పంపించాడు. మద్రాసులో ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకి ఎండి వానకి తడిశాయి. 1859లో వాటిలో 121 ఓడెక్కాయి. లండన్‌లో వాటికేమీ మేళతాళాలు వాయించలేదు. మొదట రేవు గోదాములో, తర్వాత ఫైఫ్ హౌస్ అనే భవనం బండ్లశాలలో పడేశారు. 1867లో మన కట్టడాల చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గుసన్ కంట పడేదాకా అడిగిన నాథుడు లేడు. కొన్నిటిని ఆ భవనం బయటి గోడకి తగిలించి లండన్ చలికీ పొగకీ వదిలేశారు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. నువ్వు చూసిన గాజు గది 1992 నాటిది. "మేం తీసుకెళ్లబట్టి బతికాయి, మీ దగ్గరుంటే గోడలు కట్టుకునేవాళ్లు" అనే మాట అక్కడ చదువుకునేటప్పుడు వినే ఉంటావు. గోడలు కట్టుకున్న మాట నిజమే. బతికించిన మాటకే సాక్ష్యం తక్కువ.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు స్తూపం చోటంతా శుభ్రంగా తవ్వించెయ్యమన్నాడు. పని పూర్తయ్యేసరికి దిబ్బ పోయి గొయ్యి మిగిలింది. ఆ తర్వాత పురావస్తు శాఖ జేమ్స్ బర్జెస్ వచ్చి పలకల్ని మద్రాసు తరలిద్దామన్నాడు. అప్పుడు పురాతన కట్టడాల క్యూరేటరుగా ఉన్న హెచ్. హెచ్. కోల్ అడ్డం తిరిగాడు. శిల్పాలు పుట్టినచోటే ఉండాలి, మ్యూజియాలకి కావాలంటే అచ్చులు పోసి నకళ్లు పంపండి అన్నాడు. ఆయన మాట చెల్లలేదు. పలకలు మద్రాసు వెళ్లాయి, సిమెంటు పెట్టి గోడల్లో పొదిగారు, ఆ గోడల్లోంచి ఉప్పు దిగి రాయిని తింది.

ఎందుకు చెబుతున్నానంటే, "ఆ కాలం అలాంటిది, అప్పట్లో ఇవన్నీ ఎవరికి తెలుసు" అని పెద్దపెద్దవాళ్లు అంటారు. నమ్మకు. తెలుసు. అదే ప్రభుత్వంలో, అదే జీతం తీసుకునే మనిషి ఎదురుగా నిలబడి చెప్పాడు. విని, కాదన్నారు.

ఇంకో మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. రాత్రి బండెక్కితే తెల్లారేసరికి ఎగ్మూరులో దిగుతావు. లండన్‌లో ఉన్నవాటి కంటే అక్కడి ప్రభుత్వ మ్యూజియంలోనే అమరావతి పలకలు ఎక్కువ. 1953లో రాష్ట్రం విడిపోయినా అవి అక్కడే ఉండిపోయాయి. వాటి ముందు కూడా నువ్వు ఫొటో దిగావు. ఆ ఫొటో కింద "మన వారసత్వం" అని రాశావు! లండన్ వాళ్లకి 1963 నాటి తమ చట్టం ఉంది, సరుకు బయటికి పోనివ్వం అనడానికి. ఎగ్మూరు వాళ్లు ఇస్తామనరు, మనం గట్టిగా అడగం. సరే, రేపు అందరూ ఒప్పుకున్నారే అనుకో, ఎవరికి ఇవ్వాలి? కేంద్రానికా, రాష్ట్రానికా, అమరావతి ఊరికా? 2006లో కాలచక్రానికి దలైలామా వచ్చినప్పుడు ఎక్కడెక్కడినుంచో వచ్చి, ఆ గొయ్యి చుట్టూ ప్రదక్షిణం చేసిన బౌద్ధులకా? మనకి అది శిల్పం. వాళ్లకి అది గుడి. నా దగ్గర జవాబు లేదు. ప్రశ్న మాత్రం చిటికెలో తేల్చేసేంత చిన్నది కాదని తెలుసు.

ఇప్పుడు పేర్ల సంగతి.

అమరావతి రాళ్ల మీద శాసనాలు చదివావు కదా. ఎవరు చేయించారో వాళ్లే రాయించుకున్నారు. గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు. అందులో ఒకటి నాకు ప్రాణం. విధికుడనే చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి దానం చేశాడు. చెప్పులు కుట్టే చేతులతో సంపాదించిన డబ్బు అది. తన వృత్తి దాచుకోలేదు. ఇంటిల్లిపాదినీ రాతి మీదికి ఎక్కించాడు. మన లేబులు ఏమంటుంది? "పలక. సున్నపురాయి. అమరావతి. క్రీ.శ. 2వ శతాబ్దం." అంతే. రాయి మీద మనిషి ఉన్నాడు, లేబులు మీద లేడు.

ఇలాంటి లేబుళ్లు నేనూ రాశాను చిట్టీ. ఎన్నో రాశాను. ఒక్కదాని గురించి చెబుతాను.

1987, కరువు ఏడు. జానపద కళల గ్యాలరీ పెట్టాలని పైనుంచి ఆర్డరు. మార్చిలోగా డబ్బు ఖర్చు కావాలి, లేకపోతే వెనక్కి పోతుంది. నాకప్పుడు ఉద్యోగంలో నాలుగో ఏడు. జీపేసుకుని జనగామ అవతల ఊళ్లు తిరుగుతున్నాం. ఒక ఊళ్లో డక్కలి కుటుంబం ఉంది. డక్కలివాళ్లు మాదిగవాడల్లో జాంబపురాణం చెబుతారు, పటం విప్పి, కిన్నెర మీటుతూ. ఏ ఊళ్లు ఎవరివో వాళ్లలో వాళ్లకి తాతల నాటి పంపకాలు. పటం ఉన్నవాడికే ఆ ఊళ్ల మీద హక్కు. ఆ యింటి పెద్దాయన దగ్గర చేర్యాల నకాషీ చిత్రకారులు వేసిన పాత పటం ఉంది. మూడడుగుల వెడల్పు, విప్పితే వాకిలి దాటి వీధిలోకి వెళ్లింది. ఎర్రటి నేల రంగు మీద జాంబవంతుడు, ఆదిశక్తి. నాకు గుండె ఆగినంత పనైంది.

ఆయన అమ్మనన్నాడు. మేం వెళ్లలేదు. మా డ్రైవరు బీడీ ఇచ్చాడు, నేను కబుర్లు చెప్పాను. లోపల కోడలు పొయ్యి వెలిగించలేదని నాకు తెలుస్తూనే ఉంది. సాయంత్రానికి ఏడు వందలకి బేరం కుదిరింది. బేరం అనడం నా మర్యాద కోసం. పంట లేని ఏడాది, ప్రభుత్వ జీపులో వచ్చిన మనుషులు, వీధిలో జనం చూస్తుండగా అడిగితే, అది బేరం ఎట్లా అవుతుంది? పోలీసుల జీపు, మా జీపు రంగు ఒకటే కూడాను. పటం చుట్టి ఇచ్చేముందు ఆయన కొబ్బరికాయ కొట్టాడు. "కొత్తది చేయించుకున్నంక పాతదాన్ని గంగల కలపాలె తల్లీ. మీరు అడ్డమొచ్చిన్రు" అన్నాడు. నేను నవ్వాను. ఇంత గొప్ప బొమ్మని నీళ్లలో కలుపుతారా అని లోపల తిట్టుకున్నాను కూడా.

తిరిగొచ్చి యాక్సెషన్ రిజిస్టరులో రాశాను. వస్తువు: చిత్రపటం. స్థలం: వరంగల్ జిల్లా. కాలం: సుమారు 19వ శతాబ్దం. సంపాదించిన విధము: కొనుగోలు. వెల: రూ. 700. లేబులు మీద "జానపద చిత్రం, తెలంగాణ" అని. డక్కలి అన్న మాట లేదు, మాదిగ అన్న మాట లేదు. కులం పేర్లు గ్యాలరీలో బాగుండవు అన్నారొకరు. నాకూ అది మర్యాదగానే తోచింది. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట ఒక చర్మకారుడు తన వృత్తి చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. సిగ్గు మాది, చెరిపేసింది వాళ్లని.

రెండేళ్ల తర్వాత ఆయన వచ్చాడు. టికెట్టు కొనుక్కుని వచ్చాడు. గాజు పెట్టెలో పటం మూడడుగుల మేర విప్పి ఉంది, మిగతాదంతా చుట్ట. ఆయన అద్దం ముందు కూచుని సన్నగా కథ ఎత్తుకున్నాడు. గార్డు లేపేశాడు. గొడవ విని నేను బయటికి వచ్చేసరికి గేటు దాటిపోతున్నాడు. పిలవచ్చు. పిలవలేదు. ఆఫీసులో ఎవరో ఉన్నారు, ఏమనుకుంటారో అనిపించింది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నేను చేసిన తప్పులన్నీ ఒకెత్తు, ఆ రెండు నిమిషాలు ఒకెత్తు.

పటాన్ని కాపాడటం తప్పని ఇప్పటికీ అనను. ఏట్లో కలిస్తే నువ్వు చూసేదానివి కాదు. కానీ బొమ్మని కాపాడి కథని బయట నిలబెట్టాం. దేన్ని ఉంచాలో దేన్ని ఏటికి వదలాలో తేల్చే అధికారం నా సంతకానికి ఎవరిచ్చారు? ఆ పటం పోయాక ఆ యింటికి ఆ ఊళ్ల మీద హక్కు ఏమైందో నేను అడగనే లేదు. కోల్ మాట కాదన్న దొరలకీ నాకూ తేడా ఏమిటంటే, నా జీపు చిన్నది.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి చిన్నప్పుడు తీసుకెళ్లాను నిన్ను. మమ్మీని చూసి రాత్రంతా నిద్రపోలేదు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లు పోసి కొన్నాడని, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడని చెబుతారు. 2016లో ఆక్సిజన్ లేని పెట్టె చేయించి జాగ్రత్త చేశారు, మంచిదే. కానీ ఒక్కసారి ఆలోచించు. ఎవరో తల్లి కన్నపిల్ల. ఈజిప్టులో పూడ్చుకున్నారు. మన స్కూలు పిల్లలు వరసలో నిలబడి, కేరింతలు కొడుతూ చూసిపోతారు. లండన్ వాళ్ల దగ్గర మనవి ఉన్నాయని అరిచే గొంతు అక్కడ ఎందుకు లేవదు? తీసెయ్యమని నేను చెప్పట్లేదు. అక్కడ ఒక కుర్చీ వేసి, కాస్త మసక వెలుతురు పెట్టి, ఇది బొమ్మ కాదు మనిషి అని ఒక్క వాక్యం రాస్తే ఏం పోతుంది?

ఇకపోతే దొంగతనాలు. ప్రకాశం జిల్లా చందవరం తెలుసుగా, గుండ్లకమ్మ ఒడ్డున. అక్కడి బౌద్ధ శిల్పం ఒకటి, బుద్ధుణ్ణి కొలిచేవాళ్ల పలక, ఎట్లా పోయిందో పోయింది. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ న్యూయార్కు వ్యాపారి నాన్సీ వీనర్ దగ్గర 5,95,000 డాలర్లకి కొంది. పాతకాలం నుంచీ ఎవరి దగ్గరో ఉన్నట్టు కాగితాలు చూపించారు. 2016లో వెనక్కి ఇచ్చారు. అదే గ్యాలరీ తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజుకి 2008లో యాభై లక్షల డాలర్లు పోసి, 2014లో తిరిగి ఇచ్చింది. అది ఆ గుడిదేనని రుజువైంది దేనివల్ల? పాండిచ్చేరి ఫ్రెంచి సంస్థ వాళ్లు ఎప్పుడో తీసి దాచిన ఫొటోల వల్ల. ఉపన్యాసాల వల్ల కాదు. అందుకే చెబుతున్నా, స్టోరులో ఉన్న ప్రతి వస్తువుకీ ఫొటో తియ్యి, కొలతలు రాయి, పగులు ఎక్కడుందో రాయి. విసుగుపుట్టే పని. మొదటి ఏడాదంతా దానికే పెట్టినా ఎవరూ మెచ్చుకోరు. పెట్టు.

పురావస్తువుల మీది 1972 చట్టం, 1970 యునెస్కో ఒప్పందం నాకంటే నీకే బాగా తెలుసు. అవి దొంగల కోసం. నా ఏడు వందల పటం ఏ చట్టం కిందా నేరం కాదు. ఓచరు ఉంది, వేలిముద్ర ఉంది, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు. నువ్వు రేపు చేసే తప్పులు కూడా ఎక్కువగా ఈ జాతివే అవుతాయి.

అందుకని, కొనడానికి వెళ్లినప్పుడు మొదటి రోజు కొనకు. ఆర్డరులో ఏముందో, మార్చి ఎప్పుడొస్తుందో అవన్నీ నీ బాధ, వాళ్ల బాధ కాదు. ఆ వస్తువుతో వాళ్లు ఏం చేస్తారు, అది లేకపోతే ఏం చేస్తారు, ఎవరెవరికి దానిలో భాగముంది, అడుగు. యింటి ఆడవాళ్లని విడిగా అడుగు. తోలుబొమ్మలాట వాళ్లు కూడా చివికిన బొమ్మని ఏట్లో కలుపుతారు. వాళ్లు కలుపుతామంటే కలపనివ్వు. కావాలంటే అంతకుముందే ఫొటో తీసుకో. పాతది వద్దు, కొత్తది చేయించి కొంటానను. నకాషీవాడికి పని, కథకుడికి పటం, నీకు గ్యాలరీ. షోకేసులో పాతదే కళగా ఉంటుందని పెద్ద ఆఫీసరు అంటాడు. అననీ.

"సంపాదించిన విధము" అన్న గడిలో ఒక్క మాట రాసి ఊరుకోకు. గడి చాలకపోతే కాగితం అతికించు. ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఆ రోజు వాళ్లింట్లో పరిస్థితి ఏమిటి, మొదట కాదన్నారా, ఎన్నోసారికి ఒప్పుకున్నారు. సిగ్గుగా అనిపించేవి ముందు రాయి.

అప్పట్లో నేను రాయలేకపోయిన కాగితం ఒకటి మొన్న కూచుని రాశాను, నాలుగు పేజీలు వచ్చింది. దీంతోపాటు పంపట్లేదు. ఆ పెద్దాయన పేరు నాకు గుర్తుంది, లేబులు మీద వెయ్యించమని అడుగుదామనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, అదీ నేనే తేల్చేస్తున్నాను మళ్లీ. వాళ్ల వాళ్లని అడగాలి. ఆయన ఉండి ఉండడు, మనవలు ఉండవచ్చు.

నువ్వు చేరాక స్టోరులో చివరి బీరువా, పై అరలో చూడు. గ్యాలరీ మార్చినప్పుడు పటాన్ని అక్కడికి చేర్చారు. పూర్తిగా విప్పించి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఫొటోలు తియ్యి, పెద్ద సైజులో ప్రింటు వేయించు. డబ్బు నేను ఇస్తాను, ఆఫీసుని అడగొద్దు. సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం చూసుకుని కారు మాట్లాడు. జనగామ నుంచి దారి నాకు ఇంకా గుర్తే, చెరువు కట్ట దాటాక ఎడమకి తిరగాలి. మోకాళ్లు ఒప్పుకుంటే నేనూ వస్తాను, ఒప్పుకోకపోయినా వస్తాను.

మాగాయ సీసా మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. మూత బిగించి పెట్టుకో.

నీ పెద్దమ్మ